పింఛను వెంట వస్తుంది, వైద్యం రాదు

ఉద్యోగం ముగిశాక వేరే దేశంలో స్థిరపడ్డ పౌరుడు వృద్ధాప్యంలో జబ్బుచేసి స్వదేశానికి వస్తే, ఆ దేశం అతనికి ఉచితంగా వైద్యం చేయాలా? సంపన్న దేశాలన్నిటినీ ఏదో ఒక రూపంలో తాకిన ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా బ్రిటన్‌లో నలుగుతోంది. అక్కడి వాళ్లకు ఆస్పత్రిలో బిల్లు ఉండదు. అక్కడి పెద్దవాళ్లేమో ఎండ కోసమో, తక్కువ ఖర్చు కోసమో, పిల్లల దగ్గర ఉండాలనో లక్షల్లో దేశం విడిచి వెళ్లారు. స్పెయిన్‌ తీరం, ఫ్రాన్స్‌ పల్లెలు, ఆస్ట్రేలియా, కెనడా, థాయ్‌లాండ్‌... బ్రిటిష్‌ పింఛనుదారులు కనిపించని చోటు తక్కువ. వాళ్లందరి మాటా ఒకటే: ‘పనిచేసినన్నాళ్లూ పన్ను కట్టాం, ఇప్పుడు చికిత్సకు డబ్బడగడం ఏం న్యాయం?’ చట్టం ఈ మాట వినదు. ఎంత కట్టారు, ఎన్నేళ్లు కట్టారు అన్నవి దానికి పట్టవు. ఇప్పుడు ఎక్కడ కాపురం ఉంటున్నారన్నదే దానికి కావాలి.

కట్టింది దాచిపెట్టలేదు

బ్రిటన్‌ జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌, 1948 జులై 5న మొదలైంది. అప్పటి ఆరోగ్య మంత్రి అన్యూరిన్‌ బెవన్‌ దాన్ని బీమా పథకంగా కాకుండా ప్రజాసేవగా నిలబెట్టాడు. రోగి ప్రీమియం కట్టాడా లేదా అని ఎవరూ చూడరు. ఖర్చులో సింహభాగం ఆదాయపు పన్ను, వ్యాట్‌ వంటి సాధారణ పన్నుల నుంచి వస్తుంది. జీతంలో కోతపడే నేషనల్‌ ఇన్సూరెన్స్‌ నుంచి వచ్చేది కొంత భాగమే. చిక్కంతా ఈ రెండో పేరుతోనే వచ్చింది. పేరులో ఇన్సూరెన్స్‌ ఉంది కాబట్టి, తమ పేరిట ఎక్కడో సొమ్ము జమవుతోందని రెండు మూడు తరాల బ్రిటన్‌ ఉద్యోగులు నమ్ముతూ వచ్చారు.

నెలనెలా కట్టి చివర్లో ఎత్తుకునే చీటీ కాదిది. 1975లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు కట్టిన పన్ను 1975లోనే అప్పటి ముసలివాళ్ల మందులకూ, అప్పటి పసిపిల్లల టీకాలకూ ఖర్చయిపోయింది. అతని సొంత తల్లిదండ్రులు, పిల్లలు ఆ సేవను వాడుకునే ఉంటారు. ఇవాళ అతనికి చేసే వైద్యం ఇవాళ్టి పన్నులోంచి రావాలి. ఆ పన్ను కట్టేవాళ్లలో అతను ఉన్నాడా లేడా అన్నది వేరే ప్రశ్న. దానికీ జవాబు అనుకున్నంత సూటిగా లేదు.

దేశంలో కాపురం లేనివారి దగ్గర డబ్బు వసూలు చేసే అధికారం 1949 చట్ట సవరణలోనే ప్రభుత్వానికి దక్కింది. విచిత్రమేమిటంటే ఆ అధికారాన్ని వాడటానికి మరో 33 ఏళ్లు పట్టింది. వసూలు నిబంధనలు 1982లో గానీ రాలేదు. బెవన్‌కు ఆ ఆలోచనే నచ్చలేదు. పరదేశి ఎవరో తేల్చాలంటే స్వదేశీయులందరినీ కాగితాలు అడగాల్సి వస్తుందనీ, ఆ తలనొప్పి మిగిలే సొమ్ముకు మించిపోతుందనీ 1952లో తన పుస్తకంలో వాదించాడు. ఆస్పత్రి గుమాస్తాల నేటి అవస్థ చూస్తే ఆయన ముందుచూపును తప్పుపట్టలేం.

ఎవరు స్థానికులో తేల్చే కొలత కూడా ఆస్పత్రి నుంచి రాలేదు, చదువుల నుంచి వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు స్థానిక కౌన్సిళ్లు చదువు గ్రాంటు ఇవ్వాలా అన్న వివాదం హౌస్‌ ఆఫ్‌ లార్డ్స్‌ దాకా వెళ్లింది. బార్నెట్‌ కౌన్సిల్‌పై షా అనే విద్యార్థి కేసుగా అది ప్రసిద్ధం. 1982 నాటి తీర్పులో న్యాయమూర్తి లార్డ్‌ స్కార్మన్‌ చెప్పిన దాని సారాంశం ఇది: ఒక మనిషి తన ఇష్టంతో, ఒక స్థిరమైన ఉద్దేశంతో, ప్రస్తుతానికి తన రోజువారీ బతుకు ఎక్కడ సాగిస్తున్నాడో అదే అతని నివాసం. అది కొద్దికాలమైనా కావచ్చు, చాలాకాలమైనా కావచ్చు. ఇన్ని రోజులు ఉండాలన్న లెక్క అందులో లేదు. పాస్‌పోర్టు, సొంత ఇల్లు, ఎన్‌హెచ్‌ఎస్‌ నంబరు, పాత పన్ను రసీదులు ఇవేవీ వాటంతట అవి సరిపోవు. బ్రిటిష్‌ పౌరుల విషయంలో ఇంగ్లండ్‌ ఆస్పత్రులు ఇప్పటికీ ఇదే కొలత వాడుతున్నాయి. వీసా మీద ఉండేవారికి 2014 నాటి ఇమిగ్రేషన్‌ చట్టం ఇంకో షరతు చేర్చింది. శాశ్వత నివాసానికి అనుమతి ఉంటేనే వాళ్లు స్థానికులు.

ఆస్పత్రి గడప దగ్గర

ఒక ఉదాహరణ ఊహించుకుంటే సంగతి తేటపడుతుంది. 72 ఏళ్ల రిటైర్డ్‌ బస్సు డ్రైవరు. లీడ్స్‌లో పుట్టి పెరిగాడు, అక్కడే పనిచేశాడు. ఆరేళ్లుగా థాయ్‌లాండ్‌లో ఉంటున్నాడు. చెల్లెల్ని చూడటానికి వచ్చినప్పుడు గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సులో అత్యవసర విభాగానికి తీసుకెళ్తారు. అక్కడ జరిగే పరీక్షలకూ, చికిత్సకూ పైసా అడగరు. ఆ గదిలో ఎవరికైనా ఉచితమే. డాక్టరు ‘వార్డులో చేర్చుకోండి’ అని రాసిన క్షణం నుంచి మీటరు మొదలవుతుంది.

వార్డుకు ఒక ఉద్యోగి వస్తారు. ఇంగ్లండ్‌ ఆస్పత్రుల్లో విదేశీ సందర్శకుల వ్యవహారాలు చూడటానికే ప్రత్యేకంగా మేనేజర్లు ఉంటారు. ‘మామూలుగా ఎక్కడ ఉంటారు? పోయిన సంవత్సరమంతా ఎక్కడ గడిపారు? తిరుగు టికెట్టు ఉందా? ఇక్కడ అద్దె అగ్రిమెంటుగానీ, కౌన్సిల్‌ పన్ను బిల్లుగానీ, కరెంటు బిల్లుగానీ ఉందా?’ అంటూ కాగితం మీద టిక్కులు పడతాయి. ఆ డ్రైవరు నిజం చెబితే, బిల్లు ఆస్పత్రి మామూలు రేటు మీద ఒకటిన్నర రెట్లు. 2015 ఏప్రిల్‌ నుంచి ఉన్న నిబంధన అది. ఎన్‌హెచ్‌ఎస్‌ లెక్కలో 8,000 పౌండ్ల చికిత్స అయితే అతని చేతికొచ్చే బిల్లు 12,000 పౌండ్లు. యూరప్‌ వెలుపల ఉంటున్న మాజీ నివాసులు బీమా చేయించుకునే రావాలనీ, లేకపోతే ఈ రేటే పడుతుందనీ ప్రభుత్వం అప్పుడే ప్రకటించింది.

ప్రాణం మీదికి వచ్చిన చికిత్సను డబ్బు లేదని ఆపకూడదు. ముందు చేసి తర్వాత బిల్లు ఇస్తారు. ఆగగల చికిత్సకు మాత్రం 2017 అక్టోబరు నుంచి సొమ్ము ముందే కట్టాలి. తుంటి మార్పిడి, కంటి శుక్లాలు, మోకాలు ఇవన్నీ ఆ ఖాతాలోకే వస్తాయి. అంటే ముసలితనంలో నిజంగా అవసరపడేవే. క్షయ, హెచ్‌ఐవీ వంటి అంటువ్యాధుల చికిత్స ఎవరికైనా ఉచితం. యుద్ధ పింఛను పొందే మాజీ సైనికులకు మినహాయింపు ఉంది.

ఇంత కట్టుదిట్టంలోనూ ఒక పెద్ద సందు ఉంది. ఫ్యామిలీ డాక్టరు, అంటే జీపీ, దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి నివాసపు షరతు లేదు. సంప్రదింపు అందరికీ ఉచితం. ఇంగ్లండ్‌లో 60 దాటితే మందుల చీటీకీ రుసుము లేదు. చెల్లెలి ఇంటి చిరునామాతో జీపీ దగ్గర పేరు అలాగే ఉంచేసుకుని, ఏటా ఒకసారి వచ్చి బీపీ మాత్రలు మూటగట్టుకుని వెళ్లేవాళ్లు ఉన్నారన్నది అక్కడ అందరికీ తెలిసిన రహస్యమే.

చట్టంలోని మంచి మాట ఒకటి చాలామంది ప్రవాసులకు తెలియదు. శాశ్వతంగా ఉండిపోవడానికి తిరిగివచ్చిన బ్రిటిష్‌ పౌరుడికి నిరీక్షణ కాలం లేదు. విమానం దిగిన రోజు నుంచే అతను స్థానికుడు, వైద్యం ఉచితం. అక్కడి ఇల్లు అమ్మేసిన కాగితమో, సామాను ఓడలో వేసిన రసీదో, ఇక్కడ ఇల్లు తీసుకున్న ఒప్పందమో చూపించాలి. ఉద్దేశాన్ని కాగితాలతో నిరూపించడం అందరికీ తేలిక కాదు. భార్య పోయి, ఒంట్లో బాగోక, రెండు సూట్‌కేసులతో దిగిన 80 ఏళ్ల మనిషి దగ్గర అద్దె అగ్రిమెంటు ఎక్కణ్నుంచి వస్తుంది? హక్కు ఉండీ అక్కరకు రాని సందర్భాలు ఇక్కడే పుడతాయి.

స్పెయిన్‌ తీరాన ఇంకో లెక్క

థాయ్‌లాండ్‌లో ఉన్న డ్రైవరుకు ఏమీ దక్కలేదు. అదే మనిషి స్పెయిన్‌లోని అలికాంతె ప్రాంతంలో స్థిరపడి ఉంటే కథ మొత్తం మారిపోయేది. ఐరోపా సమాఖ్య సూత్రం ప్రకారం పింఛను ఇచ్చే దేశమే ఆ పింఛనుదారు వైద్యపు ఖర్చు కూడా భరించాలి, అతను సమాఖ్యలో ఎక్కడున్నా సరే. దీనికి పనిముట్టు ఎస్‌1 అనే ఫారం. బ్రిటన్‌లోని ఎన్‌హెచ్‌ఎస్‌ బిజినెస్‌ సర్వీసెస్‌ అథారిటీ దాన్ని జారీ చేస్తుంది. పింఛనుదారు దాన్ని స్పెయిన్‌ సామాజిక భద్రతా కార్యాలయంలో నమోదు చేయించుకుని, ఆ రసీదుతో దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే కార్డు ఇస్తారు. ఇక అక్కడి వాళ్లకు ఏ వైద్యమో ఇతనికీ అదే. ఆ ఖర్చును స్పెయిన్‌కు బ్రిటన్‌ చెల్లిస్తుంది.

బ్రెగ్జిట్‌తో, అంటే బ్రిటన్‌ ఆ సమాఖ్యను వీడటంతో, ఇది తెగిపోతుందని పింఛనుదారులు హడలిపోయారు. తెగలేదు. 2020 చివరికే అక్కడ స్థిరపడ్డవారికి విడాకుల ఒప్పందమూ, తర్వాత వెళ్లేవారికి వాణిజ్య ఒప్పందమూ ఎస్‌1ను నిలబెట్టాయి. అలా ముందే స్థిరపడి నమోదు చేసుకున్నవారు ఇంగ్లండ్‌ వచ్చినప్పుడు కూడా పూర్తి ఉచిత వైద్యానికి అర్హులు. కాబట్టి ‘దేశం విడిచి వెళ్తే ఉచిత వైద్యం పోతుంది’ అన్నది సగం నిజమే. పోవడం పోకపోవడం ఏ దేశానికి వెళ్లారన్నదాని మీద ఉంది.

బ్రెగ్జిట్‌ చర్చల పుణ్యమా అని ఈ లెక్కలు బయటికి వచ్చాయి. 2017 నాటికి ఐరోపా దేశాల్లో ఇలా వైద్యం పొందుతున్న బ్రిటిష్‌ పింఛనుదారులు, వారిపై ఆధారపడ్డవారు సుమారు 1,90,000 మంది. వాళ్ల కోసం బ్రిటన్‌ ఏటా చెల్లించేది దాదాపు 50 కోట్ల పౌండ్లు. తలకు సగటున 2,300 పౌండ్లు పడుతుందనీ, అదే వయసువారికి స్వదేశంలో వైద్యం చేస్తే సుమారు 4,500 పౌండ్లు అవుతుందనీ ఆరోగ్య శాఖ అధికారులు పార్లమెంటు కమిటీకి చెప్పారు. వాళ్లందరూ ఒక్కసారిగా ఇంటిదారి పడితే ఖర్చు 100 కోట్ల పౌండ్లదాకా చేరవచ్చనీ, అదనంగా 900 పడకలు, 1,600 మంది నర్సులు కావాలనీ నఫీల్డ్‌ ట్రస్ట్‌ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ అదే ఏడాది లెక్క కట్టింది.

పన్ను కట్టామన్న వాదన కంటే ఈ అంకెలకు బలం ఎక్కువ. పరాయి దేశంలో ఉండే ముసలాయన దేశానికి భారం కాదు, ఆదా. స్పెయిన్‌లో ఉంటే సగం ఆదా. థాయ్‌లాండ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటే మొత్తం ఆదా. మొత్తం ఆదా చేస్తున్న మనిషి దగ్గరే ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తున్నారు. ఈ వంకర నిబంధనను సమర్థించడం కష్టం. పైగా పన్ను కట్టడం ఆపేశారన్న మాట కూడా అందరి విషయంలో నిజం కాదు. సివిల్‌ సర్వెంట్లు, పోలీసుల వంటివారి ప్రభుత్వోద్యోగ పింఛను మీద ద్వంద్వ పన్ను ఒప్పందాల ప్రకారం సాధారణంగా బ్రిటనే పన్ను వేస్తుంది, వాళ్లు ఏ దేశంలో ఉన్నా. వాళ్లు ఇవాళ కూడా ఎన్‌హెచ్‌ఎస్‌కు డబ్బు పోస్తున్నవాళ్లే.

అవతలి పక్షానికీ బలం లేకపోలేదు. వచ్చిపోయేవారికి ఉచితమంటే ఎవరొస్తారు? జలుబు చేసినవాళ్లు రారు. తుంటి ఎముక అరిగినవాళ్లు, క్యాన్సర్‌ బయటపడ్డవాళ్లు వస్తారు. అక్కడే ఉండి నెలల తరబడి వరుసలో ఎదురుచూస్తున్నవారి ముందుకు, ఖరీదైన చికిత్సకు మాత్రమే వచ్చేవారు చేరతారు. ఆస్పత్రి పడకలు డబ్బు పోస్తే మర్నాటికి పుట్టుకొచ్చేవి కావు. వరుసలో ఉన్నవాడికి జరిగే నష్టాన్ని పన్ను రసీదు పూడ్చలేదు.

గడ్డకట్టిన పింఛను

వైద్యం సంగతి అటుంచితే, పింఛనైనా సరిగ్గా వెంట వస్తుందా అంటే అదీ లేదు. బ్రిటన్‌ ప్రభుత్వ పింఛను ఏ దేశానికైనా పంపిస్తారు. కానీ ఏటేటా పెంచేది కొన్ని దేశాల్లో ఉన్నవారికే. ఐరోపా, అమెరికా ఆ జాబితాలో ఉన్నాయి. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌, దక్షిణాఫ్రికా, భారత్‌ లేవు. నయాగరా జలపాతానికి అమెరికా ఒడ్డున ఉంటే పింఛను పెరుగుతుంది, కెనడా ఒడ్డున ఉంటే పెరగదు. 2000లో రిటైరై కెనడాలో స్థిరపడ్డవారికి అప్పటి పూర్తి ప్రాథమిక పింఛను వారానికి 67.50 పౌండ్లు. నేటికీ అంతే. స్వదేశంలో అదే పింఛను 2025-26లో 176.45 పౌండ్లు. ఈ పద్ధతికి నిరసనగానే ఆస్ట్రేలియా 2001లో బ్రిటన్‌తో తన సామాజిక భద్రతా ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. బ్రిటన్‌ కదల్లేదు.

దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ అనెట్‌ కార్సన్‌ అనే పింఛనుదారు దీనిమీద పోరాడి ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. 2010 మార్చిలో 11 మంది జడ్జీలు ప్రభుత్వం వైపు, ఆరుగురు ఆమె వైపు నిలిచారు. నేషనల్‌ ఇన్సూరెన్స్‌ చందాకూ పింఛనుకూ విడదీయరాని ముడి లేదనీ, ఆ నిధి రకరకాల అవసరాలకు ఖర్చవుతుందనీ, దేశంలో ఉండేవారితో పోల్చుకునే పరిస్థితి ప్రవాసులకు లేదనీ మెజారిటీ తేల్చింది. చందా కట్టి సంపాదించుకున్న పింఛనుకే కోర్టు ఈ మాట చెప్పాక, చందాతో సంబంధమే లేని వైద్యం విషయంలో ‘కట్టాం కదా’ అన్న వాదన గెలిచే మార్గం లేదు.

తక్కిన దేశాలు

ఫ్రాన్స్‌ పద్ధతిలో కొంత ఇంగితం కనిపిస్తుంది. ఐరోపా వెలుపల ఉంటున్న ఫ్రెంచి పింఛనుదారు స్వదేశానికి వచ్చినప్పుడు వైద్యం పొందాలంటే, సాధారణంగా కనీసం 15 ఏళ్లు అక్కడ చందా కట్టి ఉండాలి. ప్రవాసుల పింఛను నుంచి ఆరోగ్య చందాగా ప్రాథమిక పింఛనులో 3.2 శాతం కోత కూడా పడుతుంది. అంటే అక్కడ హక్కు ఉంది, దానికి ధరా ఉంది. స్పెయిన్‌లో అయితే ఎస్‌1 గానీ, ఉద్యోగం గానీ లేని విదేశీయులు కూడా ఏడాదిపాటు నివసించాక, నెలకు 65 లోపు వయసువారు 60 యూరోలు, ఆపైవారు 157 యూరోలు కట్టి ప్రభుత్వ వైద్యంలో చేరవచ్చు. పరాయివాడికే ఈ వీలు ఉన్నప్పుడు సొంత మనిషికి బ్రిటన్‌ ఎందుకు ఇవ్వదన్నది న్యాయమైన ప్రశ్న.

కెనడాలో వైద్యం రాష్ట్రాల చేతిలో ఉంది. ఒంటారియో నియమం ప్రకారం ఏ 12 నెలల్లోనైనా 153 రోజులు ఆ రాష్ట్రంలో ఉండాలి. చలికాలానికి ఫ్లోరిడా పోయి వేసవికి తిరిగొచ్చే రిటైరీలు క్యాలెండరులో రోజులు లెక్కపెట్టుకుంటూ బతకడం దీనివల్లే. విసుగు పుట్టించే పద్ధతే గానీ, లార్డ్‌ స్కార్మన్‌ కొలత కంటే ఇందులో ఒక సుఖం ఉంది. ఎవరి లెక్క ఎంతో వాళ్లకే తెలిసిపోతుంది.

అమెరికాది మరో దారి. 1965లో పుట్టిన మెడికేర్‌ అక్కడి 65 దాటినవారికి. ఉద్యోగంలో ఉండగా జీతం నుంచి 1.45 శాతం కట్టించుకుని, పదేళ్లు కట్టినవారికి ఆస్పత్రి భాగాన్ని ప్రీమియం లేకుండా ఇస్తారు. ఇక్కడ ‘కట్టాం కాబట్టి హక్కు’ అన్నమాట అక్షరాలా నిజం. దేశం దాటి ఎన్నేళ్లున్నా ఆ హక్కు పోదు. కానీ కొద్ది మినహాయింపులు తప్ప, విదేశంలో చేయించుకున్న వైద్యానికి మెడికేర్‌ డాలరు కూడా ఇవ్వదు. డాక్టర్ల ఫీజులకు సంబంధించిన పార్ట్‌ బీకి నెలనెలా ప్రీమియం కట్టాలి. 2025లో అది 185 డాలర్లు. విదేశంలో ఉన్నామని దాన్ని మానేస్తే, తిరిగొచ్చి చేరినప్పుడు మానేసిన ప్రతి ఏడాదికీ పది శాతం చొప్పున జరిమానా పడుతుంది, అదీ జీవితాంతం.

తెలుగువారి వైపు నుంచి

బ్రిటన్‌ నియమాల తాకిడి తెలుగు ఇళ్లకూ తగులుతుంది. 1960, 70ల్లో విశాఖ ఆంధ్ర మెడికల్‌ కాలేజీ, గుంటూరు, ఉస్మానియా, గాంధీ కాలేజీల నుంచి ఎందరో డాక్టర్లు అక్కడికి వెళ్లారు. స్థానిక డాక్టర్లు మొగ్గుచూపని వృద్ధుల వైద్యం, మానసిక వైద్యం, వేల్స్‌ బొగ్గు గనుల ఊళ్లలో జీపీ పని దక్షిణాసియా వైద్యుల చేతికి వచ్చాయి. బ్రిటన్‌లో వృద్ధుల వైద్య విభాగం నిలదొక్కుకోవడంలో వీళ్లది పెద్ద చెయ్యి. అలా జీవితమంతా ఎన్‌హెచ్‌ఎస్‌లో ముసలివాళ్లను చూసుకున్న డాక్టరు, రిటైరై హైదరాబాద్‌లోనో విశాఖలోనో స్థిరపడితే ఆ ఎన్‌హెచ్‌ఎస్‌ ఆయనకు ఉచితం కాదు. భారత్‌కు ఎస్‌1 ఏర్పాటు లేదు. ప్రభుత్వ పింఛను వెళ్లిన ఏటి దగ్గరే ఆగిపోతుంది. బ్రిటిష్‌ పౌరసత్వం తీసుకున్నవారైతే మళ్లీ వెళ్లి స్థిరపడే దారి ఉంది. భారత పాస్‌పోర్టే ఉంచుకుని శాశ్వత నివాస అనుమతితో సరిపెట్టుకున్నవారు సాధారణంగా రెండేళ్లు బయట ఉంటే ఆ అనుమతీ చెల్లదు.

ఇప్పటి తరం పరిస్థితి దీనికి తలకిందులు. వీసా మీద వెళ్లినవారు ఆదాయపు పన్ను, నేషనల్‌ ఇన్సూరెన్స్‌ కట్టడమే కాకుండా ఆరోగ్య సర్‌చార్జీ ముందే చెల్లించాలి. 2015లో ఏడాదికి 200 పౌండ్లతో మొదలైన ఇది 2024 ఫిబ్రవరి నుంచి 1,035 పౌండ్లు. విద్యార్థులకు, 18 లోపు పిల్లలకు 776. ఇద్దరు పిల్లలున్న జంట ఐదేళ్ల వీసాకు 18,110 పౌండ్లు కట్టాలి. ఆరోగ్య రంగంలో పనికి వెళ్లేవారికి మాత్రం మినహాయింపు. ‘కట్టినదాన్ని బట్టి కాదు, ఉన్నచోటును బట్టే వైద్యం’ అని సొంత పింఛనుదారుకు పాఠం చెప్పే ప్రభుత్వం, ఉన్నచోటే ఉండి పన్ను కడుతున్న వలసదారు దగ్గర మళ్లీ వసూలు చేస్తోంది. సూత్రం మంచిదే. దాన్ని రెండువైపులా పాటించాలి.

అమెరికా తెలుగువారి ఫిర్యాదు ఇంకోటి. భారత్‌, అమెరికాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు. హెచ్‌1బీ వీసా మీద ఆరేడేళ్లు పనిచేసి తిరిగొచ్చినవారు జీతంలో 6.2 శాతం సోషల్‌ సెక్యూరిటీకీ, 1.45 శాతం మెడికేర్‌కూ కట్టి, పదేళ్లు నిండక రెండూ వదులుకుంటున్నారు. కట్టినవారికే ఇస్తామన్న పద్ధతిలోనూ కట్టి పోగొట్టుకునేవాళ్లు ఉంటారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

గల్ఫ్‌కు వెళ్లిన జగిత్యాల, నిజామాబాద్‌ కార్మికుడికి ఈ చర్చే విలాసం. అక్కడ పౌరసత్వం రాదు, వృద్ధాప్య పింఛను ఉండదు. ఒళ్లు అరిగాక ఇంటికి రావడం ఒక్కటే దారి. వచ్చాక అతన్ని ఆదుకునేది సర్కారు దవాఖానా, ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. కేంద్రం 2024 అక్టోబరు 29 నుంచి 70 దాటినవారందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్‌ భారత్‌ రక్షణ తెచ్చింది. హైదరాబాద్‌ ఉస్మానియా ఆస్పత్రిలోనో, విశాఖ కేజీహెచ్‌లోనో ఓపీ కిటికీ దగ్గర పేరు, వయసు, ఊరు అడిగి చీటీ రాసిస్తారు. గత ఏడాది ఎక్కడ గడిపారని అడగరు. సౌకర్యాల సంగతి ఎలా ఉన్నా, బెవన్‌ కోరుకున్న ఆ తీరు ఇక్కడ మిగిలింది.

ఏది న్యాయం

పౌరుడికి తిరిగొచ్చే హక్కు ఉండాలి. సెలవులకు వచ్చి ఆపరేషన్‌ చేయించుకుపోయే హక్కు ఉండనక్కర్లేదు. ఉచిత వైద్యాన్ని అక్కడే ఉండి, వరుసలో నిలబడి, ఇవాళ్టి పన్నుతో నడుపుతున్నవారికి పరిమితం చేయడంలో తప్పులేదు. తప్పల్లా మిగతా తలుపులన్నీ మూసేయడంలో ఉంది. ఫ్రాన్స్‌లోలా పింఛను నుంచి కొంత కోసుకుని, వచ్చినప్పుడు వైద్యం చేయవచ్చు. స్పెయిన్‌లోలా నెలవారీ చందా పెట్టవచ్చు. కనీసం ఒకటిన్నర రెట్ల జరిమానా ఎత్తేసి అసలు ఖర్చు తీసుకోవచ్చు. శాశ్వతంగా తిరిగొచ్చిన వృద్ధుడిని కాగితాల కోసం వేధించకుండా అతని మాట నమ్మి చికిత్స మొదలుపెట్టవచ్చు. వీటిలో ఏదీ ఖజానాను ముంచేది కాదు. పింఛను దరఖాస్తులో ‘విదేశంలో స్థిరపడుతున్నాను’ అని రాసిన రోజే ‘మీకు ఇక వైద్యం ఉండదు’ అని పెద్దక్షరాల్లో చెప్పడానికైతే అసలు ఖర్చే లేదు.

లండన్‌ నుంచో డల్లాస్‌ నుంచో రిటైరై ఇంటికి రావాలనుకునే తెలుగువారు అక్కడి చట్టం మారేదాకా కూర్చోలేరు. భారత్‌లో ఆరోగ్య బీమా తీసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల వయోపరిమితిని బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌ నుంచి తొలగించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. కానీ అప్పటికే ఉన్న షుగరు, బీపీ, గుండెజబ్బులకు పాలసీ వర్తించడానికి మూడేళ్లదాకా ఆగాల్సి రావచ్చు. ఆ మూడేళ్లు విదేశంలో ఉద్యోగంలో ఉండగానే గడిచిపోయేలా పాలసీ ముందుగా తీసుకోవాలి. పార్ట్‌ బీ ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది కూడా టికెట్టు కొనకముందే తేల్చుకోవాలి.